పెద్ద వ్యాసం చివరిదాకా చదవడం ఎలా? "ఇది చదువు" అని ఇంకొకరికి చెప్పేముందు ఏం చూసుకోవాలి?

అనంతపురంలో మాదొక చిన్న జిరాక్స్ షాపు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే పని, ఆ ఎండకి ఎవరూ బయటికి రారు. ఆ రెండు గంటలూ రీల్స్ చూసి చూసి ఒకరోజు విసుగొచ్చి పెద్ద వ్యాసాలు చదవడం మొదలుపెట్టాను. పెద్దవి అంటే ఎవరో ఒక విలేఖరి నెలల తరబడి తిరిగి రాసినవి, చదవడానికి అరగంట, గంట, ఒక్కోసారి వారం పట్టేవి. ఇప్పుడు గ్రూప్స్‌కి చదివే పిల్లలు ప్రింట్లకని వచ్చి "అన్నా, టెక్నాలజీ మీద, సమాజం మీద మంచివి ఏమన్నా ఉంటే లిస్టు ఇయ్యి" అంటుంటారు. ఇస్తాను గానీ, లిస్టు తీసుకుని చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనూ ఏం తక్కువ కాదు. "తర్వాత చదువుదాం" అని దాచుకున్న లింకులు నా ఫోన్‌లో మూడొందల పైనే ఉండేవి. ఆ ఫోను ఒకసారి బస్సులో పోయింది. ఫోను పోయినందుకు వారం రోజులు బాధపడ్డాను, ఆ లింకుల్లో ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

అందుకని ఇక్కడ ఎలా చదవాలో చెప్తాను, ఏం చదవాలో దారిలో వస్తుంది.

ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"టెక్నాలజీ మీద ఏదైనా" అని వెతికితే లక్ష దొరుకుతాయి, ఒక్కటీ చదవం. మీ కళ్ల ముందున్న దాన్నుంచి మొదలుపెట్టండి. రేషన్ దగ్గర అవ్వ వేలిముద్ర పడలేదనుకోండి, అది ఆధార్ మీద చదవడానికి మంచి మొదలు. కర్నూలు వైపు వెళ్తే గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో పూర్తయింది. ఆ పలకల కింద అంతకుముందు ఏం పండేది, జీవాలు ఎక్కడ మేసేవి, ఇప్పుడు అక్కడ ఎవరికి పని దొరికింది అనేది ఒక ప్రశ్న. హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు మనకు హక్కుగా వస్తున్నాయా, మిగిలితే వస్తున్నాయా అనేది ఇంకో ప్రశ్న. దానికి జవాబు కావాలంటే 1973లో బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన నివేదిక దాకా వెళ్లాలి. కృష్ణాలో 2,130 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 811 అని పంచింది అదే. మన హంద్రీ-నీవాను తర్వాత మిగులు జలాల మీద ఆధారపడి కట్టారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే నీళ్ల గొడవ మీద వచ్చే ఏ వ్యాసమైనా సగం అర్థమైనట్టే.

ప్రశ్న చేతిలో ఉంటే ఇంకో లాభం, వ్యాసంలో మీకు అక్కర్లేని ఇరవై పేరాలు ధైర్యంగా దాటేయొచ్చు.

ఎక్కడ దొరుకుతాయి

తెలుగులోనే చదవాలంటే నేను మొదట చెప్పేది "పరి", అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, చాలా కథనాలు తెలుగులోకి అనువాదమై ఉంటాయి, మన అనంతపురం జిల్లా మీద రాసినవీ ఉన్నాయి. ఇంగ్లిష్ పర్వాలేదంటే కారవాన్ పత్రిక ఉంది, దానికి చందా కట్టాలి. ఈపీడబ్ల్యూ, అంటే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ, 1966 నుంచి ఆ పేరుతో వస్తోంది. విషయం గట్టిగా ఉంటుంది, కానీ భాష ముద్ద దిగనివ్వదు, మంచినీళ్లు పక్కన పెట్టుకుని కూర్చోవాలి. చట్టం మీద వ్యాసం చదివేముందు ఆ బిల్లు మీద పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్లు రాసిన సారాంశం చూసుకోండి, వ్యాసకర్త ఎటు లాగుతున్నాడో వెంటనే తెలిసిపోతుంది.

పాతవి కూడా వదలొద్దు. నేను ఎవరికైనా జంటగా చదవమని ఇచ్చేవి రెండున్నాయి. ఒకటి 1945 జులైలో అట్లాంటిక్ పత్రికలో వానెవర్ బుష్ రాసిన "యాజ్ వి మే థింక్". మనిషి చదివినవన్నీ మైక్రోఫిల్ములో దాచి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారులు వేసుకునే బల్ల లాంటి యంత్రం ఒకటి వస్తుందని ఊహించాడు, ఇప్పుడు మనం నొక్కే లింకులకి ముత్తాత అన్నమాట. రెండోది 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్. ఆ సంచిక మొత్తాన్ని జాన్ హెర్సీ రాసిన "హిరోషిమా" ఒక్కదానికే ఇచ్చేశారు, బాంబు పడ్డాక బతికిన ఆరుగురి కథ. ఇందులో తిరకాసేమంటే, యుద్ధకాలంలో అమెరికా సైన్స్ పరిశోధనలకు పెద్దగా ఉన్నది ఆ బుష్షే, అణుబాంబు పని మొదలవడంలో ఆయన చెయ్యి ఉంది. మొదటి వ్యాసంలో బాంబు ఊసే ఉండదు, అప్పటికి అది రహస్యం. వ్యాసం జులైలో వచ్చింది, బాంబు ఆగస్టు 6న పడింది. ఈ రెండూ ఒకే వారంలో చదివితే టెక్నాలజీ అనే మాట మళ్లీ పాతలాగా వినపడదు.

ఐదు నిమిషాల పరీక్ష

గంట పెట్టేముందు ఐదు నిమిషాలు పెట్టండి. తేదీ చూడండి, నాలుగేళ్ల కిందటి వ్యాసం నిన్న రాసినట్టు తిరుగుతుంటుంది. రాసినాయన ఆ ఊరికి పోయాడా, లేక ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేశాడా చూడండి. ఎవరి మీద ఆరోపణ చేశాడో వాళ్లను అడిగాడా లేదా, అడిగితే వాళ్లేమన్నారు అన్నది కూడా ఉండాలి. మొదటి పేరా, చివరి రెండు పేరాలు చదవండి. సినిమా కాదు కాబట్టి క్లైమాక్స్ ముందే తెలిస్తే నష్టం లేదు. అంకె కనపడిన ప్రతిచోటా అది ఎక్కడినుంచి తెచ్చాడో, ఏం కొలిచాడో చూడండి.

ఈ చివరిది నాకు నేర్పింది మా షాపుకి పాస్‌బుక్ జిరాక్స్‌కి వచ్చిన ఒక పెద్దాయన. కరెంటు పోయింది, కూర్చోమన్నాను, బల్ల మీద నేను ప్రింట్ తీసి పెట్టుకున్న కరువు వ్యాసం ఒకటి ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని వేలు పెట్టి చదువుతున్నాడు. ఏదో పాత సంవత్సరం గురించి, ఆ ఏడు జిల్లాలో సగటు వర్షపాతం నమోదైంది కాబట్టి పంట పోవడానికి వాన కారణం కాదు అని రాశారందులో. నేను ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నా, మంచి పాయింటు అని. ఆయన అక్కడ ఆగి, "ఏమప్పా, దీన్ని రాసినాయన సేద్యం చేసినాడా?" అన్నాడు. ఎందుకు పెద్దాయనా అంటే, "ఏడాది మొత్తం ఎంత పడిందని కాదప్పా, శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు పడిందా ల్యాదా అని సూడల్ల. అప్పుడు నెల రోజులు ఎండబెట్టి, కాయ కోసేటప్పుడు కుండపోత పోస్తే సగటు వచ్చేస్తాది, మాకేమొస్తాది?" అన్నాడు. ఊడలంటే వేరుశనగ పూత తర్వాత మట్టిలోకి దిగే కాడలు, కాయ కట్టేది వాటికే.

మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దేశంలోనే బాగా తక్కువ పడే చోట్లలో ఒకటి. ఆ కొంచెం వాన ఏ వారంలో పడిందన్న దాని మీదే అంతా ఉంటుంది. వ్యాసంలో అంకె తప్పు కాదు, దాన్ని తీసుకొచ్చి పెట్టిన చోటు తప్పు. అప్పటినుంచి ఏ సగటు కనపడినా పక్కన చిన్నగా "ఊడలు?" అని రాసుకుంటాను. సెల్‌ఫోన్ల వాడకం మీద రాసినా, జీతాల మీద రాసినా అదే గుర్తు.

కాగితం మీద పెట్టండి

షాపువాడు కాబట్టి చెప్తున్నాడు అనుకుంటారేమో, అనుకోండి. ఇంగ్లిష్‌లో ఆరు వేల పదాల వ్యాసం ఏ4 మీద పన్నెండు పేజీలు వస్తుంది. ఒక్కో వైపు రెండేసి పేజీలు, రెండు వైపులా కొడితే మూడు కాగితాలు, అంతే. ప్రకటనలు రాకుండా బ్రౌజర్‌లో రీడింగ్ మోడ్ పెట్టి, ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా దాచుకుని తీసుకురండి. దాచడం యాప్‌కి అప్పగించి ఊరుకోవద్దు, పాకెట్ లాంటి పేరున్నదాన్నే మొజిల్లా 2025 జులై 8న ఆపేసింది. పీడీఎఫ్ మీ దగ్గరే ఉంటుంది. లింకు చచ్చిపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రసు వేసి చూడండి, చాలాసార్లు దొరుకుతుంది.

చదివే టైము కూడా ముందే కట్టేసుకోవాలి. నాకు సరుకు కోసం కర్నూలు వెళ్లే రోజులుంటాయి, నూటయాభై కిలోమీటర్లు, మూడు గంటల పైనే. గుత్తి వచ్చేదాకా ఒకటి అయిపోతుంది, డోన్ దాటేలోపు గీతలు గీసిన చోట్లు మళ్లీ చూస్తాను. బస్సులో చదివితే తల తిరిగేవాళ్లు పొద్దున టీ అప్పుడు చదవండి. పడుకునేముందు మాత్రం వద్దు, రెండో పేజీకే నిద్రొస్తుంది, మర్నాడు మళ్లీ మొదటి పేజీ.

పెన్ను పట్టుకోండి. అర్థం కాని చోట ప్రశ్న గుర్తు, నమ్మబుద్ధి కాని చోట సున్నా, ఎవరికైనా చెప్పాలనిపించిన చోట గీత. ఇంతకన్నా ఎక్కువ గుర్తులు పెడితే అది చదువు కాదు, ముగ్గు.

వందల పేజీలున్నప్పుడు

కోర్టు తీర్పులు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టులు చూసి చాలామంది దండం పెట్టేస్తారు. వాటిని మొదటినుంచి చదవాలని ఎవరన్నారు? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పిన పుట్టస్వామి తీర్పు 547 పేజీలు. తొమ్మిదిమంది జడ్జిలు, ఆరు వేర్వేరు తీర్పులు. కానీ అందరూ కలిసి సంతకం పెట్టిన ఉత్తర్వు చివర్లో చిన్నగా ఉంటుంది, ముందు అది చదివేయండి. ఆ తర్వాత మీ ప్రశ్నకు సంబంధించిన మాట పీడీఎఫ్‌లో వెతికి, అది దొరికిన చోట ముందు రెండు, వెనక రెండు పేజీలు చదవండి. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పు ఇంకా పెద్దది, 1,448 పేజీలు. నలుగురు ఒకవైపు, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరు ఇంకోవైపు. నేనైతే మెజారిటీ ఏం తేల్చిందో చూసుకుని, నేరుగా ఆ ఒక్కరి అసమ్మతి దగ్గరికి పోతాను. ఒప్పుకోనాయన తన మాట నిలబెట్టుకోవాలి కదా, అందుకని అవతలివాళ్లు తేలిగ్గా దాటేసిన చోట్లన్నీ తవ్వి చూపిస్తాడు. అవ్వ వేలిముద్ర పడకపోతే ఏం జరుగుతుందన్న మన ప్రశ్న అక్కడ గట్టిగా కనపడుతుంది. కాగ్ రిపోర్టుల్లో ముందే సారాంశం ఉంటుంది, అది చదివి మీ జిల్లా పేరు వెతుక్కుంటే చాలు.

ఇంగ్లిష్ కష్టమైతే ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకోండి, సిగ్గేం లేదు. ఒక్క జాగ్రత్త: "కాదు", "లేదు" అని వచ్చిన ప్రతి ముఖ్యమైన వాక్యాన్నీ ఇంగ్లిష్‌లో మళ్లీ చూడండి. రెండు వ్యతిరేకాలు ఒకే వాక్యంలో వస్తే ఈ మిషన్లు ఒక్కోసారి అర్థాన్నే తిప్పేస్తాయి.

ఇంకొకరికి చెప్పేముందు

చివరిదాకా చదవనిది పంపొద్దు. నేనొకసారి పంపాను. సోలార్ కోసం భూములిచ్చిన రైతుల మీద ఒక పెద్ద వ్యాసం, హెడ్డింగు మండిపోతోంది, మూడు పేరాలు చదివి "అందరూ తప్పక చదవండి" అని మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో పడేశాను. గంట తర్వాత ఒకమ్మాయి, "చివరి భాగం చదివావా? అక్కడ రైతులు రెండు రకాలుగా చెప్తున్నారు, కౌలు బాగానే వస్తోందన్నవాళ్లు కూడా ఉన్నారు. నువ్వు ఏ రకాన్ని చదవమంటున్నావు?" అని పెట్టింది. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం దాకా గ్రూపు తెరవలేదు, ఒకటే టెన్షన్.

ఇప్పుడు ఏదైనా పంపితే లింకుతో పాటు మూడు ముక్కలు రాస్తాను: ఇది ఏ ప్రశ్నకి జవాబు, ఎంతసేపు పడుతుంది, ఎక్కడ బోరు కొడుతుంది. బోరు కొట్టే చోటు చెప్పడం ముఖ్యం, "నాలుగో భాగం లెక్కలే, దాటేసినా పర్వాలేదు" అంటే జనం ఐదో భాగానికి వెళ్తారు, లేకపోతే నాలుగులోనే దిగిపోతారు. వారానికి ఒక్కటే పంపుతాను. నచ్చనిది కూడా ఎందుకు నచ్చలేదో రాసి పంపుతాను, విచిత్రంగా వాటినే ఎక్కువమంది చదువుతారు.

దానికి తోడు షాపు గోడకి ఒక క్లిప్పు కొట్టి ఆ వారం వ్యాసం తగిలిస్తున్నాను. ఎవరైనా తీసుకెళ్లి చదివి, తమ గుర్తులు తాము పెట్టి తిరిగి తగిలించాలి. పోయిన వారంది నూనె మరకతో వచ్చింది, మూడు రంగుల పెన్నులున్నాయి దాని మీద. వర్షాధార పంటల బీమా మీద రాసింది అది. రెండో కాగితం వెనక, సగటు దిగుబడి అన్న మాట పక్కన, ఎవరో వణికే అక్షరాలతో "ఊడలు?" అని రాశారు. నా చేతిరాత కాదు.