స్టువర్ట్ రాజుల కాలపట్టిక వేసుకోవడం ఎలా: మూడు రాజ్యాలు, రెండు క్యాలెండర్లు

ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌లను కలిపి ఏలిన స్టువర్ట్ వంశ చరిత్ర చదివేవాళ్లు సాధారణంగా అంతర్యుద్ధం మొదలైన 1642 దగ్గర దారి తప్పుతారు. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం అనుకుని మొదలుపెడతారు. కాసేపటికి స్కాట్లండ్ సైన్యం 1644లో పార్లమెంటు పక్షాన, 1648లో రాజు పక్షాన కనిపిస్తుంది. యుద్ధం గెలిచిన పార్లమెంటును దాని సొంత సైన్యమే గుమ్మంలో అడ్డుకుంటుంది. ఇదంతా గందరగోళంగా తోచడానికి కారణం ఒక్కటే: ఒకే రాజు కింద ఉన్న మూడు రాజ్యాల కథను ఒకే వరుసలో చదవడం. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌లను పక్కపక్క గడుల్లో రాసుకుంటే ఏ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ తగిలిందో కంటికి కనిపిస్తుంది.

పట్టిక కంప్యూటర్‌లో వేసుకోవడం మేలు, ఎందుకంటే మధ్యలో వరుసలు చేర్చాల్సి వస్తుంది. తొమ్మిది నిలువు గడులు పెట్టండి: సంవత్సరం, నెల, రోజు, మూలంలో ఉన్న తేదీ, ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, మతం, డబ్బు. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఎందుకంటే ఎక్సెల్ 1900కు ముందున్న తేదీని తేదీగా గుర్తించదు. మొత్తం ఒకే గడిలో రాస్తే దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది, వరుస క్రమం చెడిపోతుంది. నెలను కూడా పేరుతో కాక అంకెతో రాయండి.

1603 నుంచి 1714 వరకు అన్ని ఏళ్లకూ సమానంగా చోటివ్వకండి. 1637–1651కీ, 1685–1691కీ నెలకో వరుస, మిగతా ఏళ్లకు ఏడాదికో వరుస చాలు. మొత్తం 354 వరుసలు వస్తాయి. చాలావరకు ఖాళీగానే ఉంటాయి, ఉండనివ్వండి. ఒక రాజ్యం గడి ఖాళీగా ఉన్న నెలలో పక్క గడి నిండి ఉండటం కూడా చదవాల్సిన విషయమే.

ముందు తేదీలు

సంఘటనలు ఎక్కించకముందే తేదీల లెక్క తేల్చుకోవాలి. ఇక్కడ జరిగిన పొరపాటు తరువాత దొరకదు.

ఇంగ్లండ్‌లో అప్పుడు వాడింది జూలియన్ క్యాలెండర్. ఫ్రాన్స్, స్పెయిన్ వాడింది గ్రెగోరియన్. రెంటికీ తేడా 10 రోజులు, 1700 మార్చి 1 నుంచి 11 రోజులు. దీనికి తోడు ఇంగ్లండ్‌లో, ఐర్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. స్కాట్లండ్ 1600 నుంచే జనవరి 1కి మారింది, కానీ రోజుల లెక్క మాత్రం జూలియన్‌లోనే ఉంచుకుంది. అందుకే మొదటి చార్లెస్ తల నరికిన రోజు లండన్ కాగితంలో 1648 జనవరి 30, ఎడిన్‌బరో కాగితంలో 1649 జనవరి 30, పారిస్ ఉత్తరంలో 1649 ఫిబ్రవరి 9. మూడూ ఒకే మంగళవారం.

పట్టికకు ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా దానికే కట్టుబడండి: రోజు, నెల జూలియన్‌వే ఉంచి, సంవత్సరాన్ని మాత్రం జనవరి 1 నుంచి లెక్కించడం. ఇంగ్లండ్ లేదా ఐర్లండ్ మూలంలో జనవరి 1, మార్చి 24 మధ్య తేదీ ఉంటే సంవత్సరానికి ఒకటి కలపండి. ‘1648/9’ అని రెండంకెలతో ఉంటే రెండోది తీసుకోండి, మళ్లీ ఒకటి కలపకండి. యూరప్ ఖండం నుంచి గ్రెగోరియన్ తేదీతో వచ్చిన ఉత్తరమైతే 10 రోజులు (1700 మార్చి 1 నుంచి 11) తీసేయండి. అసలు తేదీని నాలుగో గడిలో ఉన్నదున్నట్టు వదిలేయండి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో 1689 చూపిస్తుంది. రెండో జేమ్స్ స్థానంలో అతని కూతురు మేరీ, ఆమె భర్త విలియం సింహాసనం స్వీకరించింది 1689 ఫిబ్రవరి 13న. ఆనాటి కాగితాలు దాన్ని 1688 ఫిబ్రవరి అంటాయి. అలాగే ఎక్కిస్తే, విలియం నౌకలు ఇంగ్లండ్ తీరంలోని టోర్‌బే చేరిన 1688 నవంబర్ 5 కంటే తొమ్మిది నెలల ముందే అతను రాజైపోతాడు! ఆ ఏటి హక్కుల చట్టానికి శాసనాల జాబితాలో 1688 అని ఉండటానికి కారణం కూడా ఇదే.

పాలనా సంవత్సరాల్లో ఇంకో చిక్కుంది. రెండో చార్లెస్ లండన్‌లో అడుగుపెట్టింది 1660 మే 29న. చట్టాల్లో మాత్రం అది అతని 12వ పాలనా సంవత్సరం, ఎందుకంటే తండ్రి చనిపోయిన 1649 జనవరి 30 నుంచే లెక్కపెట్టారు. 1648కి పాలనా సంవత్సరం అంకె కలిపితే ఆ ఏడు మొదలైన సంవత్సరం వస్తుంది. ఏ జనవరి 30న మొదలైందో, మరుసటి జనవరి 29న ముగుస్తుంది.

1637 నుంచి 1642 దాకా

పట్టికకు ప్రాణం ఈ ఐదేళ్లే. ఒక్కో సంఘటనను దాని రాజ్యం గడిలో పెట్టి, దాని వల్ల పక్క గడిలో జరిగినదానికి బాణం గీస్తూ రండి.

మొదటి గుర్తు స్కాట్లండ్ గడిలో పడుతుంది: 1637 జులై 23, ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో రాజు పంపిన కొత్త ప్రార్థన పుస్తకం చదవబోతే అల్లరి. 1638 ఫిబ్రవరి 28న, ఆ మార్పులను ఎదిరిస్తామన్న జాతీయ ఒడంబడిక మీద సంతకాలు. ఆ ఏడాది చివర స్కాట్లండ్ చర్చి బిషప్పులనే తొలగించింది. మొదటి చార్లెస్ 1639లో, 1640లో సైన్యంతో వెళ్లి రెండుసార్లూ నెగ్గలేకపోయాడు. రెండోసారి స్కాట్లండ్ సైన్యం న్యూకాసిల్‌లో తిష్ఠ వేసింది.

ఇప్పుడు డబ్బు గడి నింపండి. 1640 అక్టోబర్ నాటి రిపన్ ఒప్పందం ప్రకారం ఆ సైన్యానికి రోజుకు 850 పౌండ్లు ఇవ్వాలి. 30 రోజులకు 25,500. రాజు దగ్గర అంత లేదు, పన్ను మంజూరు చేయాల్సింది పార్లమెంటు. పదకొండేళ్లు పార్లమెంటు లేకుండా ఏలినవాడు, ఆ ఏప్రిల్‌లో పిలిచినదాన్ని మూడు వారాల్లో పంపేసినవాడు, నవంబర్ 3న కూడినదాన్ని ఎందుకు పంపలేకపోయాడో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇక మూడో రాజ్యం గడి: 1641 అక్టోబర్ 23, ఐర్లండ్‌లో కాథలిక్కుల తిరుగుబాటు. దాన్ని అణచడానికి సైన్యం కావాలని రాజూ పార్లమెంటూ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ సైన్యం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే తెగిపోయింది. 1642 జనవరి 4న రాజు ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి సభలోకి వెళ్లడం, మార్చి 5న పార్లమెంటు రాజు ఆమోదం లేకుండానే సైనిక దళాలను తన చేతిలోకి తీసుకునే మిలీషియా ఆర్డినెన్స్ తేవడం, ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో రాజు జెండా ఎత్తడం వరుసగా ఇంగ్లండ్ గడిలో పడతాయి. మీ బాణాలన్నీ స్కాట్లండ్, ఐర్లండ్ వైపు నుంచే రావాలి. అలా రాకపోతే ఎక్కడో ఒక వరుస వదిలేశారని అర్థం.

1643 సెప్టెంబర్‌లో కూడా ఆగి చూడండి. 15న రాజు ఐర్లండ్ కాథలిక్కులతో యుద్ధ విరామం, 25న పార్లమెంటు స్కాట్లండ్‌తో ఒడంబడిక. పది రోజుల తేడాతో ఇద్దరూ బయటి బలం వెతుక్కున్నారు.

మతానికి రెండు రంగులు చాలవు

కాథలిక్, ప్రొటెస్టంట్ అని రెండే రంగులు వేస్తే 1646 తరువాత పట్టిక పనికిరాదు. కనీసం ఐదు పెట్టుకోండి: బిషప్పులతో పాటు నిండైన పూజావిధానం కావాలన్న ఆర్చ్‌బిషప్ లాడ్ వర్గం, అదే చర్చిలో ఉంటూ ఆ ఆర్భాటం తీసేయాలన్న ప్యూరిటన్లు, బిషప్పులు వద్దు, పెద్దల సభలు నడిపే ఒకే జాతీయ చర్చి కావాలన్న ప్రెస్బిటేరియన్లు, ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రమన్న ఇండిపెండెంట్లు, కాథలిక్కులు. ఈ వర్గాల మధ్య గోడలు పల్చన, మనుషులు అటూ ఇటూ మారారు. అందుకే రంగు మనిషికి కాదు, ఆ సంఘటనలో అతను తీసుకున్న పక్షానికి వేయాలి.

అప్పుడు 1648 తేలిగ్గా విడిపోతుంది. పార్లమెంటులో ప్రెస్బిటేరియన్ల బలం, సైన్యంలో ఇండిపెండెంట్ల బలం. 1647 డిసెంబర్ 26న చార్లెస్ ప్రెస్బిటేరియన్ చర్చిని మూడేళ్లు ఇంగ్లండ్‌లో నిలుపుతానని స్కాట్లండ్‌ ప్రతినిధులకు మాటిచ్చాడు; అందుకే వాళ్ల సైన్యం ఈసారి అతని కోసం వచ్చింది. దాన్ని ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ దగ్గర ఓడించిన పార్లమెంటు సైన్యం, రాజుతో ఇంకా బేరమాడుతున్న సభ్యులను డిసెంబర్ 6న సభలోకి రానివ్వలేదు. రాజు మరణ ఆజ్ఞపై 59 సంతకాలు ఆ మిగిలిన సభ నియమించిన న్యాయస్థానానివి.

డబ్బు గడిలో ఒక జాగ్రత్త: స్కాట్లండ్ మూలంలో పౌండ్లు అని ఉంటే అవి ఏ పౌండ్లో చూడండి. 12 స్కాట్స్ పౌండ్లు ఒక ఇంగ్లిష్ పౌండు. మార్చకుండా ఎక్కిస్తే అంకె పన్నెండింతలు ఉబ్బుతుంది.

పేర్లు, చివరి వరుసలు

పేరు పక్కన పుట్టిన ఏడు రాయండి. మొదటి జేమ్స్ స్కాట్లండ్‌లో ఆరో జేమ్స్, రెండో జేమ్స్ అక్కడ ఏడో జేమ్స్. మేరీలైతే ముగ్గురు: రెండో జేమ్స్ అక్క (1631), అతని రెండో భార్య (1658), పెద్ద కూతురు (1662). ఈ ముగ్గురిలో మొదటి మేరీ కొడుకే విలియం, అతను పెళ్లాడింది మూడో మేరీని.

1688–1691ని మళ్లీ మూడు గడుల్లో నింపండి. విలియం గద్దెనెక్కడాన్ని ‘రక్తం చిందని విప్లవం’ అనడం ఇంగ్లండ్ గడి వరకే కాస్త నిజం. స్కాట్లండ్ గడిలో 1689 జులై 27న కిల్లీక్రాంకీ, ఐర్లండ్ గడిలో 1690 జులై 1న బోయిన్ యుద్ధం ఉన్నాయి; అక్కడ పోరు 1691 అక్టోబర్ 3న లిమరిక్ ఒప్పందంతో గానీ ఆగలేదు.

చివరి వరుస 1714 ఆగస్టు 1, రాణి ఆన్ మరణం. 1701 చట్టం కాథలిక్కులను వారసత్వం నుంచి తప్పించింది కాబట్టి కిరీటం మొదటి జేమ్స్ కూతురు ఎలిజబెత్ (1596) సంతతికి, ఆమె మనవడు జార్జికి వెళ్లింది. ఎలిజబెత్ పేరును 1603 వరుసలోనే రాసి ఉంచుకుంటే ఈ గీత వెతుక్కోకుండా గీయొచ్చు.