మోటారు తిరుగుతున్నా నీరు రాకపోతే: ఇంటిమీద నమ్మకం వదులుకునే ముందు

పల్లెలో సొంత ఇల్లు ఉన్నవారికి మరమ్మతులు ఒకదాని వెంట ఒకటిగా వచ్చిపడుతూనే ఉంటాయి. బావి మోటారు కూడా మొరాయించిన పూట చాలామంది “ఈ ఇల్లు మనకు అచ్చిరాలేదు” అని తేల్చేస్తారు. దేవుడు తమను పరీక్షిస్తున్నాడని కుమిలిపోయేవారూ ఉన్నారు. ఆ బాధ నిజమైనదే, ప్రార్థనతో మనసు కుదుటపడితే మేలే. కుదుటపడిన ఆ మనసుతోనే బావి దగ్గరికి వెళ్లాలి.

లక్షణం: నేలమీద బిగించిన మోటారు మామూలు చప్పుడుతోనే తిరుగుతుంది. ప్రైమింగ్ చేశాక (అంటే మోటారులో, పైపులో ముందుగా నీరు పోసి నింపాక) కాసేపు నీరు వస్తుంది, తరువాత ధార సన్నగిల్లి, బుడగలతో తుంపరలుగా మారి ఆగిపోతుంది.

ముందుగా తాడుకు బరువు కట్టి, మోటారు నుంచి నీటిమట్టం ఎంత లోతులో ఉందో కొలవండి. సముద్రమట్టం దగ్గర పైపులోకి నీటిని నెట్టే వాతావరణ పీడనం దాన్ని సుమారు 10.3 మీటర్ల వరకే నిలబెట్టగలదు. రాపిడి వంటి నష్టాలు పోగా మనకు దక్కేది దాదాపు 7 మీటర్లు. నీరు అంతకంటే దిగువకు పోయి ఉంటే ఎంత శక్తిగల మోటారు తెచ్చినా ప్రయోజనం లేదు, మోటారునే కిందికి దించాలి లేదా నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ మోటారు వేయాలి. ఈ చిన్న కొలత తీయకుండానే మోటారు విప్పేవారిని ఎందరినో చూశాను, ఇంకా చూస్తూనే ఉన్నాను.

మట్టం సరిగానే ఉంటే, నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టిన కారణాన్ని అనుమానించండి: సక్షన్ పైపు, అంటే బావిలోంచి మోటారుకు నీరు తెచ్చే పైపు, గాలి పీల్చడం. డెలివరీ వైపు, అంటే మోటారు నుంచి నీరు బయటికి పోయే వైపు, లీకైతే నీరు కారి కనిపిస్తుంది. కానీ మోటారు తిరుగుతున్నప్పుడు సక్షన్ పైపులో పీడనం బయటి గాలికంటే తక్కువ కాబట్టి, సందులోంచి నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పైపు పొడిగా, ఏ లోపమూ లేనట్టు ఉంటుంది. పొడిగా ఉన్న జాయింటును ఎవరూ అనుమానించరు గనుక ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం) మారుస్తారు, వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) చేయిస్తారు, చివరికి ఇంటినే తప్పుపడతారు. కంటికి కనబడకపోయినా కారణం తప్పకుండా ఉందన్న నమ్మకం ఇక్కడే అవసరం.

మోటారు ఆపి, ప్రైమింగ్ మూత తెరిచి, అంచు దాకా నీరు నింపి కొంతసేపు ఆగండి. మట్టం తగ్గి, పైపు మీద ఎక్కడైనా తడి కనిపిస్తే లోపం అక్కడే ఉంది. ఎక్కడా తడి లేకపోతే ఫుట్ వాల్వులో (నీరు తిరిగి బావిలోకి జారకుండా పైపు అడుగున ఉండే వాల్వు) చెత్త ఇరుక్కుందో, వాషర్ అరిగిందో చూడాలి. మట్టం తగ్గనంత మాత్రాన జాయింట్లు బాగున్నాయని అనుకోవద్దు, ఎందుకంటే నీటిని ఆపగలిగిన వాషర్ కూడా గాలిని ఆపలేకపోవచ్చు. మోటారు నడుస్తుండగా ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు రాయండి, తిరిగే షాఫ్టుకు మాత్రం చేయి దూరంగా ఉంచండి. నురుగు లోపలికి పోయిన చోటే లోపం. మోటారును ఆనుకుని ఉన్న యూనియన్‌తో (విప్పి బిగించగల జాయింటుతో) మొదలుపెట్టడం మంచిది. పీడనం అతి తక్కువగా, అదురు ఎక్కువగా ఉండేది అక్కడే. మరలున్న జాయింటైతే విప్పి, పాత టేపు పూర్తిగా తీసి, మర తిరిగే దిశలోనే కొత్త టెఫ్లాన్ టేపు చుట్టాలి. అతికించిన పీవీసీ జాయింటైతే కోసి కొత్త కప్లింగ్ వేయాలి. పైపైన పూసిన జిగురు నిలవదు.

త్రీఫేజ్ మోటారు వెనక్కి తిరగడం, ఇంపెల్లర్ పూడుకుపోవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.

బాగుచేశాక మోటారు నడిపి, ఆపి, రాత్రంతా వదిలేయండి. మరునాడు నీరు పోయకుండానే ధార అందుకుంటే పని పూర్తయినట్టే. అందుకోకపోతే వెంటనే ఆపేయండి, నీరు లేకుండా తిరిగితే షాఫ్టు దగ్గర నీరు కారకుండా ఆపే సీల్ కాలిపోతుంది. ఫుట్ వాల్వును మళ్లీ పైకి తీసి చూడండి.