గేదె దూడకు నట్టల మందు: పదో రోజు దాటనివ్వకండి

గేదెలు ఈనే కాలం వచ్చింది. పాలు తాగే దూడలు నెల తిరక్కుండానే పారుడుతో పోతున్నాయన్న మాటలూ వెంటే మొదలయ్యాయి. మందెందుకు వేయలేదని అడిగితే ప్రతిచోటా ఒకటే జవాబు: "ఇంకా గడ్డే ముట్టలేదు, దీనికి నట్టలెక్కడివి?"

నట్టలంటే పేగులో పెరిగే పాములు. అవి తల్లి పాలలోంచే వస్తాయి. ఏలికపాము (టాక్సోకారా విట్యులోరమ్) పిల్లలు గేదె ఒంట్లో నెలల తరబడి అణగి ఉండి, ఈనే వేళకు పొదుగుకు చేరతాయి. మొదటి రెండు మూడు వారాల పాలతో దూడ పేగులోకి దిగుతాయి. మూడు నాలుగు వారాలకల్లా జానెడు పాములై గుడ్లు పెడతాయి. అంతకుముందు పేడ పరీక్షలో గుడ్లు కనపడవు. కాబట్టి రిపోర్టు బాగుందని ఆగకండి, పొట్ట ఉబ్బేదాకా అసలే ఆగకండి. పదో రోజే మందు వేయండి.

అలాగని జున్నుపాలు మానిపించారంటే దూడను రెండోసారి చంపినట్టే. దూడ బరువులో పదో వంతు జున్నుపాలు పట్టాలి, అందులో సగం పుట్టిన రెండు గంటల్లోపే. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి వాటితోనే వస్తుంది. చూడి చివరి రెండు నెలలు తల్లికి మేత తక్కువైనా, దున్నదూడే కదా అని పాలు తెంపినా, అవే పాములు ఆ దూడను ఇంకా తొందరగా పడేస్తాయి.

జాతి సంగతి. ఈ పాము బెడద ఆవు దూడల కంటే గేదె దూడలకే ఎక్కువ. గడ్డి మీద నుంచి వచ్చే నట్టల్లోనైతే, ఒకే మేత మేసిన దూడల్లో కొన్నే ఎక్కువ గుడ్లు వదులుతాయి. ఆ గుణం కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కానీ ఒక గేదె దూడలన్నీ వరసగా చిక్కిపోతుంటే "దీని రక్తం మంచిది కాదు" అని అమ్మేయకండి. తల్లి ఒంట్లో దాగిన పిల్లపాములు ప్రతి ఈతలోనూ పాలలోకి దిగుతుండవచ్చు. ఆ దూడకు పదో రోజు మందు పడిందా? ముందు అది చూడండి.

ఇక చేయాల్సినవి.

పదో రోజున పైపరజిన్ అడిపేట్, కిలోకు 300 మిల్లీగ్రాముల లెక్కన. 35 కిలోల దూడకు సుమారు 10 గ్రాములు.

కంటి అంచనా వద్దు. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, ఒంటి పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగించండి. కొలతలు అంగుళాల్లో తీసుకుంటే బరువు కిలోల్లో వస్తుంది.

ఒక దూడ మందు రెండింటికి పంచకండి.

25వ రోజుకు రెండో మోతాదు. పైపరజిన్ ఎదిగిన పాముల మీద పనిచేసినంతగా పిల్లపాముల మీద పనిచేయదు. ఆ తర్వాత ఆరో నెల దాకా నెలకోసారి.

తల పైకెత్తి పోయకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పేడ రోజూ ఎత్తండి. సున్నం చల్లాం కదా అని వదిలేయకండి, ఈ గుడ్ల పెంకు మందం.

పొట్ట ఉబ్బి, మట్టిరంగు పారుడు కంపు కొడుతుంటే సొంతంగా మందు పోయకండి. పాములన్నీ ఒక్కసారిగా చచ్చి పేగుకు అడ్డం పడవచ్చు. అదే రోజు పశువైద్యుడికి చూపించండి.

దూడ పుట్టిన తేదీ పాక గోడ మీద రాయండి. పక్కనే పదో రోజు తేదీ కూడా.