వృక్షాసనం, లేసు అల్లినట్టు

మాది నర్సాపురం దగ్గర పల్లె. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి లేసు అల్లుతున్నాను. మా అత్తగారు నేర్పారు. పువ్వులో ఒక్క కుట్టు తప్పినా అక్కడిదాకా విప్పించి మళ్లీ అల్లించేవారు. తల వంచుకుని అల్లీ అల్లీ మెడ పట్టేస్తే, పద్నాలుగేళ్ల కిందట యోగాకు వెళ్లాను. నొప్పి తగ్గాక కూడా మానబుద్ధి కాలేదు. ఒకే పువ్వు ఎన్నేళ్లు అల్లినా ఏ రెండూ ఒకేలా రావు. గాలిలో చెమ్మ, దారం, ఆ పూట చేతి బిగువు, అన్నీ అందులో కనిపిస్తాయి. ఆసనమూ అంతే. అందుకే నాకిది కళ.

కొత్తవాళ్లు పది ఆసనాలు ఒకేసారి పట్టుకుంటారు. వద్దు. చెట్టులా ఒంటికాలి మీద నిలబడే ఒక్క వృక్షాసనంతో నెల రోజులు ఉండండి.

పొద్దున్నే పరగడుపున చేయండి. వానాకాలంలో మా వైపు గచ్చు చెమ్మగిల్లి తుంగచాప జారుతుంది. చాప తీసేసి, నేల పొడిగుడ్డతో తుడిచి, ఒట్టి కాళ్లతో గోడ పక్కన నిలబడండి. కళ్లు తిరిగేవాళ్లు, గర్భిణులు గోడ మీద చెయ్యి తీయొద్దు.

ముందు రెండు కాళ్ల మీదే నిలబడండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ. ఈ మూడు చోట్లా బరువు పడుతోందా? ఇక్కడ తొందరపడకండి. ఆ మూడూ నా పాదానికి తెలిసి రావడానికే ఆరు నెలలు పట్టింది. తర్వాత బరువు ఎడమ కాలి మీదికి తెచ్చుకుని, కుడి పాదాన్ని ఎడమ తొడ లోపలి వైపు ఆనించండి. అంత ఎత్తు రాకపోతే పిక్కకు ఆనించండి. మోకాలికి మాత్రం వద్దు, పక్క నుంచి పడే ఒత్తిడిని ఆ కీలు తట్టుకోలేదు. పాదం తొడను ఎంత నెడుతుందో తొడ కూడా పాదాన్ని అంతే నెట్టాలి. అప్పుడు నడుము పక్కకు ఒరగదు. నిలబడిన కాలి మోకాలిని వెనక్కి బిగించకండి.

చూపు కదలని దాని మీద నిలపండి. నేను మొదట్లో పెరట్లో కొబ్బరాకును చూసేదాన్ని. సముద్రపు గాలికి అది ఊగితే నేనూ ఊగేదాన్ని. ఇప్పుడు మాను మీద, పాత మట్ట రాలిన గుర్తును చూస్తాను.

చేతులు గుండె దగ్గర జోడించి ఐదు శ్వాసలు. ఊపిరి బిగబట్టారంటే శక్తికి మించి చేస్తున్నారని. కాలు దించేయండి. రెండో వైపూ చేయండి.

యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పినవి మూడే సూత్రాలు. మొదటిది 'స్థిరసుఖమాసనమ్'. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి. నాకు స్థిరం త్వరగానే వచ్చింది, పళ్లు బిగించి నిలబడేదాన్ని. సుఖం రావడానికి ఏళ్లు పట్టింది. దవడ వదులు చేయడంతో మొదలైంది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎంతసేపు నిలబడ్డారన్నది కాదు, ఆ రోజు కొత్తగా ఏం తెలిసిందో ఒక్క వాక్యం రాయండి. కాలు తడబడితే, ఏ చోట బరువు తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకుని అక్కడి నుంచి మళ్లీ నిలబడండి.

నిన్న నేను రాసుకున్నది: 'ఎడమ కాలి మీద ఉన్నప్పుడు చిటికెనవేలు నేలకు ఆనడం లేదు.' ఇన్నేళ్లూ ఆనలేదేమో, నిన్నే చూశాను. ఈ వారమంతా ఆ వేలి మీదే పని.