రెజిన్ కిట్‌తో రేసు కారు కట్టడం ఎలా? పోర్షే 917కె, 23వ నంబరు

రెజిన్ కిట్ అంటే చిన్న మోడల్ కారు కట్టుకునే పార్టుల పెట్టె. దాన్ని మొదటిసారి తెరిచినవాళ్లకు నీరసం వస్తుంది. ప్లాస్టిక్ కిట్‌లో అయితే పార్టులన్నీ ఫ్రేములకు వరసగా వేలాడుతూ ఉంటాయి, పక్కనే నంబర్లు కూడా ఉంటాయి. ఇందులో అదేం ఉండదు. ఒక కవర్లో క్రీమురంగు ముద్దలు, ఇంకో కవర్లో సీసంలా కనిపించే వైట్‌మెటల్ ముక్కలు, సన్న పార్టులు చెక్కి ఉన్న పల్చటి ఫొటోఎచ్ రేకు, నీళ్లలో తడిపి అంటించే స్టిక్కర్ల (డెకాల్) కాగితం, మసకబారిన బొమ్మలతో రెండు పేజీల సూచనలు. అంతే.

ఎందుకిలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. ప్లాస్టిక్ కిట్‌కి ఉక్కు అచ్చు కావాలి. దానికయ్యే ఖర్చుకి వేల కిట్లు అమ్మితే కానీ గిట్టదు. రెజిన్ కిట్‌ని సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తారు. రెండు ద్రవాలు కలిపి పోస్తే కాసేపటికి గట్టిపడిపోయే పాలియూరిథేన్ అది. అచ్చు చవకే, కానీ కొన్ని పదుల పోతలకే చిరిగిపోతుంది. అందుకే పెద్ద కంపెనీలు పట్టించుకోని కార్లు, ఒకే ఒక్క రేసులో పరిగెత్తిన రూపాలు రెజిన్‌లోనే దొరుకుతాయి. బుడగలు, వంకరలు, అంచుల్లో తేడాలు కూడా ఆ పద్ధతితో పాటే వస్తాయి. వాటిని మనమే సరిచేసుకోవాలి.

ఇక్కడ 1/24 సైజులో పోర్షే 917కె కడదాం. 1970లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో గెలిచిన 23వ నంబరు కారు. హాన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్ నడిపారు. వానలో 343 ల్యాప్‌లు తిరిగింది. లె మాన్‌లో పోర్షేకి ఓవరాల్‌గా అదే తొలి గెలుపు. 917 అనగానే అందరూ గల్ఫ్ ఆయిల్ కంపెనీ వారి లేతనీలం, నారింజ కారే కడతారు. ఆ ఏడాది లె మాన్‌కి వచ్చిన మూడు గల్ఫ్ 917లూ మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది సాల్జ్‌బర్గ్ జట్టు ఎర్ర కారు. ఎరుపు ఒంటిమీద తెల్ల పట్టీలు వేయడం ఎంత చిరాకైన పనో ముందు ముందు చూస్తారు.

మొదటి పని: ఫొటోలు, స్కేలు

బ్లేడు ముట్టుకోకముందు ఒక సాయంత్రం ఫొటోలకు కేటాయించండి. ఇప్పుడు ప్రదర్శనల్లో మెరిసే పాత రేసు కార్లు చాలామట్టుకు తర్వాత బాగుచేసి రంగు వేసినవి. స్టిక్కరు చోటు మారొచ్చు, అద్దం మారొచ్చు. రేసు రోజున తీసిన ఫొటోలనే నమ్మండి.

తర్వాత వెర్నియర్ తీసి కొలవండి. 917 ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2300 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 95.8. కిట్‌లో అరమిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. రెండు మిల్లీమీటర్లు తక్కువైతే మాత్రం రెజిన్ కుంచించుకుపోయిందనో ఛాసిస్ వంగిందనో అర్థం. ఆ సంగతి రంగు వేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఫొటోల్లో ఇంకోటి గమనించండి. ఈ కారులో డ్రైవరు కూర్చునేది కుడివైపు. మనకది మామూలే కాబట్టి కళ్లు ఆగకుండా దాటిపోతాయి. గేరు లివరు మీది పిడి బరువు తగ్గించడానికి బాల్సా చెక్కతో చేసింది. కిట్‌లో అది ఆవగింజంత. నల్లరంగు పూయకుండా లేత చెక్కరంగు చుక్క ఒకటి పెట్టండి. తెలిసినవాళ్లు మీ కారులో మొట్టమొదట వెతికేది దాన్నే.

రెండో పని: కడగడం

ఇది చదివి నవ్వుకుని దాటేసేవాళ్లే ఎక్కువ. నేనూ అలాగే దాటేశాను.

అచ్చు నుంచి పార్టు తేలిగ్గా ఊడి రావడానికి లోపల ఒక జిడ్డు పూస్తారు. అది రెజిన్ మీద పొరలా ఉండిపోతుంది, కంటికి కనబడదు. నా మొదటి రెజిన్ కారుకి ప్రైమరు వేశాను, రంగు వేశాను, మాస్కింగ్ టేపు వేశాను, రెండో రంగు కూడా వేశాను. అద్దంలా వచ్చింది. మర్నాడు పొద్దున టేపు కొస పట్టుకుని లాగితే, టాపు మీది రంగంతా ప్రైమరుతో సహా అరటితొక్కలా ఊడొచ్చింది. కింద పసుప్పచ్చ రెజిన్ బోడిగా కనబడింది. మూడు వారాల పని.

గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్దండి. చిన్న పార్టుల్ని టీ వడకట్టే జల్లెడలో వేసి కడగండి, లేకపోతే సింకులో కొట్టుకుపోతాయి. బాగా ఆరాక వట్టిచేత్తో తడిమి చూస్తే జారకూడదు. ఆ తర్వాత బాడీని గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

మూడో పని: కోత, రాపిడి

పోత పోసిన చోట ప్రతి పార్టుకీ ఒక దిమ్మె అంటుకుని ఉంటుంది. దాన్ని సన్నపళ్ల రంపంతో, పార్టుకి కొంచెం ఎడంగా కోసి, మిగిలింది నిదానంగా అరగదీయాలి. కట్టర్‌తో నొక్కి తుంచితే రెజిన్ పెళుసుగా విరిగి, పార్టులో ముక్క కూడా పోతుంది.

ఒక హెచ్చరిక. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, వీలైనంతవరకు తడిపి రుద్దండి. హార్డ్‌వేర్ షాపులో ‘వాటర్ పేపర్’ అని అడిగితే ఇస్తారు. 400, 600, 1000, 2000 నంబర్లు తలా రెండు కాగితాలు ఒక కారుకి చాలు. సికింద్రాబాద్ దగ్గరున్నవాళ్లు రాణీగంజ్ వెళితే సన్న డ్రిల్ బిట్లు, చిన్న ఆకురాళ్లు కూడా ఒకే తిరుగుడులో అయిపోతాయి.

వంగిన పార్టులకు వేణ్నీళ్లే మందు. కాగిన నీళ్లు పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగి, పార్టుని అర నిమిషం ముంచితే తోలులా మెత్తబడుతుంది. చదునైన అద్దం మీద పెట్టి వేళ్లతో సరిచేసి, అలాగే చన్నీళ్లలో ముంచండి. ఆ రూపంలోనే బిగుసుకుంటుంది. ఇందుకు వేరే గిన్నె పెట్టుకోండి. “ఆ గిన్నెలో మళ్లీ పాలు కాయమంటావా?” అని మా అమ్మ అడిగిన రోజు నుంచి నా గిన్నె బాల్కనీలో ఉంటోంది.

సూదిమొన రంధ్రాలు కచ్చితంగా ఉంటాయి. సన్న రంధ్రాన్ని పూడ్చే ముందు డ్రిల్‌తో కాస్త పెద్దది చేయండి. విడ్డూరంగా ఉన్నా అదే పద్ధతి, లేకపోతే పుట్టీ పైపైన కూర్చుని రుద్దేటప్పుడు ఊడిపోతుంది. ఫెవిక్విక్ ఒక చుక్క, దాని మీద చిటికెడు వంటసోడా వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. వెంటనే రుద్దేయండి. రేపటికి వదిలేస్తే చుట్టూ ఉన్న రెజిన్ అరిగిపోతుంది కానీ అది అరగదు.

నాలుగో పని: రంగు లేకుండా ఒకసారి కారు నిలబెట్టడం

ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ని కరిగించదు కాబట్టి అతకదు. ఫెవిక్విక్ లాంటి సయనోఎక్రిలేట్ గానీ, రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ వాడాలి. రెజిన్ అతుకు పక్కనుంచి చిన్న దెబ్బ తగిలినా ఊడిపోతుంది. అందుకని బరువు మోసే ప్రతిచోటా రెండువైపులా 0.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, మధ్యలో ఇత్తడి తీగ ముక్క దిగేయండి. సైడు అద్దాలు, రెక్కలు, సస్పెన్షన్ కడ్డీలు, అన్నింటికీ.

ఇక అసలు పని. జిగురు లేకుండా, బ్లూ టాక్ లాంటి మెత్తటి జిగురుముద్దతో మొత్తం కారుని నిలబెట్టండి. నాలుగు చక్రాలూ అద్దం మీద ఆనుతున్నాయా? ఫెండరు (చక్రం మీది బాడీ భాగం) లోపల చక్రం మధ్యలో ఉందా? ఇంజన్ పెట్టాక వెనక మూత మూసుకుంటోందా? మూసుకోదు. మొదటిసారి ఎవరికీ మూసుకోదు. ఎక్కడ తగులుతోందో తెలియాలంటే మూత లోపలివైపు లిప్‌స్టిక్ పల్చగా పూసి మూయండి. ఎర్ర మచ్చ పడిన చోట అరగదీయండి, మళ్లీ చూడండి. నాకు దీనికే రెండు ఆదివారాలు పడతాయి. కట్టేవాళ్లలో సగంమంది వదిలేసే మెట్టు ఇదే. పూర్తయిన కారు బల్ల మీద మూడు కాళ్ల మీద నిలబడుతోందంటే ఇక్కడ తొందరపడ్డారన్నమాట.

ఐదో పని: తెలుపు, ఆ తర్వాత ఎరుపు

బూడిదరంగు ప్రైమరు పల్చగా రెండు పొరలు వేసి లైటు కింద తిప్పి చూడండి. అప్పటిదాకా కనబడని గీతలన్నీ లేచి కూర్చుంటాయి. పూడ్చి, రుద్ది, మళ్లీ ప్రైమరు. నాలుగుసార్లయినా విసుక్కోకండి.

ఎరుపు మీద తెలుపు వేయకూడదు. లాకర్ (థిన్నర్ కలిపి కొట్టే, త్వరగా ఆరే) రంగుల్లో ఎరుపు కరిగి పైకి వస్తుంది, తెల్ల పట్టీ రోజారంగులోకి తిరుగుతుంది. కాబట్టి కారంతా ముందు తెలుపు. రెండు రోజులు ఆరాక పట్టీలుండే చోట సన్న మాస్కింగ్ టేపు అంటించండి. వెంటనే ఎరుపు కొట్టకండి. టేపు అంచుల వెంట మళ్లీ ఒక పల్చటి తెలుపు పొర వేయండి. టేపు కిందికి దూరేదేదో ఆ తెలుపే దూరి సందు మూసేస్తుంది, ఎరుపుకి దారి ఉండదు. ఇలా చేస్తే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. కొన్ని కిట్లలో పట్టీలు డెకాల్స్‌గా ఇస్తారు. గుండ్రటి ఫెండరు మీద పొడుగు డెకాల్ ముడతలు పడకుండా కూర్చోబెట్టడం కంటే రంగే నయమని నా లెక్క.

ఎయిర్‌బ్రష్ అయితే 0.3 మిల్లీమీటర్ల నాజిలు, 15–20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి. స్ప్రే డబ్బాతో కూడా వస్తుంది. డబ్బాని ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నబడుతుంది. వేడినీళ్లలో మాత్రం పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది. మన వాతావరణంతో చిక్కుంది. ముసురు పట్టిన రోజు లాకర్ కొడితే గాల్లో తేమ చిక్కుకుని పైన పాలపొంగులా తెల్లబారుతుంది. మే నెల మధ్యాహ్నం కొడితే రంగు కారుని చేరేలోపే గాల్లో ఆరి, ఇసుక చల్లినట్టు పడుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున, థిన్నర్‌లో కొంచెం రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపి కొట్టండి. వానాకాలంలో రంగు జోలికి పోకుండా ఆ డబ్బు పెట్టి ఇంకో కిట్ కొనుక్కోవడం మేలు.

ఆరో పని: డెకాల్స్, క్లియర్

తెల్ల గుండ్రాల్లో నల్లటి 23 నంబర్లు ముందుగా పెట్టండి, మిగతావన్నీ వాటిని చూసుకుని పెట్టొచ్చు. గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం, కింద డెకాల్ అతుక్కోవడానికి మైక్రో సెట్ ద్రవం, జరిపి కూర్చోబెట్టాక పైన దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్. మైక్రో సోల్ తగలగానే డెకాల్ ముడుచుకుపోతుంది. కంగారుపడి వేలు పెట్టకండి, ఆరేసరికి దానంతటదే చదునవుతుంది. తలుపు గీత మీదుగా వెళ్లిన నంబరుని ఆరాక బ్లేడుతో ఆ గీత వెంట కోసి, ఇంకో చుక్క సోల్ వేయండి.

క్లియర్ అంటే అన్నింటి పైన కొట్టే రంగులేని మెరుపు పూత. దాని మొదటి రెండు పొరలూ మంచులా పడాలి. తడిగా కొడితే డెకాల్ కరిగిపోతుంది. కారు షాపుల్లో వాడే టూ-కె (హార్డెనర్ కలిపి వాడే) క్లియర్ గాజులా మెరుస్తుంది కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. ఎన్95 దాన్ని ఆపదు. ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, గాలి బయటికి పంపే ఏర్పాటు లేకపోతే దాని జోలికి పోకండి. మామూలు లాకర్ క్లియర్ వేసి, వారం ఆగి, 2000 కాగితంతో తడిగా రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ చేస్తే చాలు.

ఏడో పని: ఆ వారంలో ఇంజను

నాకిష్టమైన భాగం ఇది. 4.5 లీటర్ల, గాలితో చల్లబడే 12 సిలిండర్ల ఇంజను. సిలిండర్లు ఆరు అటూ ఆరు ఇటూ పడుకుని ఉంటాయి. పైన పెద్ద ఫ్యాను ఒకటి ఇంటి సీలింగ్ ఫ్యానులా అడ్డంగా తిరుగుతుంది. సిలిండర్‌కి రెండు చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు. కిట్‌లో వీటి తీగలు సాధారణంగా ఇవ్వరు.

అసలు ప్లగ్ తీగ మందం సుమారు 7 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 0.29. మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి ‘30 గేజి రాగితీగ రెండు మీటర్లు’ అనండి. అది 0.315 మిల్లీమీటర్లు, కంటికి సరిపోతుంది. చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు, ఏం మోటారు చుడతావని మాత్రం అడుగుతారు. 0.35 బిట్‌తో ప్లగ్గు చోట రంధ్రం చేసి, తీగ కొసని ఫెవిక్విక్‌లో ముంచి దించండి. ఆరాక రంగు వేసుకోవచ్చు. ఒక్కో తీగని కొంచెం ఒదులుగా వంచండి, బిగుతుగా లాగితే వీణ తీగల్లా కనిపిస్తాయి. మూత మూస్తే అడుగువైపు తీగలు ఎవరికీ కనబడవు. 24కి బదులు 12 వేసి ఊరుకున్నా మిమ్మల్ని పట్టుకునేవాళ్లు లేరు.

ట్యూబులతో అల్లిన ఫ్రేము అల్యూమినియానిది కాబట్టి మెరుపు తక్కువున్న వెండిరంగు వేయండి. ఫొటోఎచ్ ముక్కల్ని రేకు నుంచి కోసేటప్పుడు పైన టేపు అంటించి కోయండి, లేకపోతే ఎగిరిపోయిన సీటు బెల్టు బకిల్ కోసం మంచం కింద టార్చి వేసుకుని పాకాలి.

ఎనిమిదో పని: చివరి బిగింపు

కిటికీ అద్దాలకు ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి తగిలి గాజులా కనిపించే ఆ ప్లాస్టిక్ పార్టు తెల్లగా మసకబారిపోతుంది, ఇక పోదు. ఫెవికాల్ పల్చగా రాయండి, ఎక్కువైంది తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

శుభ్రంగా ఉంచాలా, మురికి చేయాలా అన్నది మీ ఇష్టం. ఆ రేసులో చివరికి ఫలితాల్లో చోటు దక్కిన కార్లు ఏడే ఏడు. ఒక పగలూ రాత్రీ వానలో తిరిగిన కారు షోరూములోంచి వచ్చినట్టుంటే నాకు నప్పదు. చక్రాల వెనక నుంచి తోక దాకా పల్చటి గోధుమరంగు, ముక్కు మీద చిన్న నల్లచుక్కలు, అంతే. ఎక్కువైతే పొలం దున్నొచ్చిన ట్రాక్టర్ అవుతుంది.

వైపర్ మాత్రం అన్నింటికన్నా ఆఖర్న పెట్టండి. తల వెంట్రుకంత ఫొటోఎచ్ ముక్క, చొక్కా చెయ్యి తగిలినా ఊడుతుంది. దాన్ని పెట్టే పది నిమిషాలు ఫ్యాను ఆపి, పిల్లల్ని వేరే గదిలోకి పంపి, పెట్టగానే పైన గాజుపెట్టె మూసేయండి. పెట్టెని కిటికీ ఎండ పడని గోడ దగ్గర ఉంచాలి. వేణ్నీళ్లలో వంగిన రెజిన్ మే నెల ఎండలోనూ వంగుతుంది.