టీవీ రికార్డింగ్ ఫోన్‌లో సరిగ్గా ఆడకపోతే: లోపం ఎక్కడ, ఏం చేయాలి

వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడినవాళ్లలో మన ఇంటి ఆడపడుచు టీవీలో కనబడుతుందంటే సెట్‌టాప్ బాక్స్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డ్ చేసుకుంటాం. మేడారం జాతర ప్రసారమైనా అంతే. అలాంటి ప్రోగ్రాం మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి ఫోన్‌లో ఆడలేదని టెన్షన్ పడి ఫైల్ డిలీట్ చేయకండి. ముందు దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పనంతా ఆ కాపీ మీదే చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అలాగే ఉండనివ్వండి. కంప్యూటర్‌లో వీడియో ఆడించే వీఎల్‌సీ, వీడియోను వేరే రూపంలోకి మార్చే (కన్వర్ట్ చేసే) హ్యాండ్‌బ్రేక్ ఉంటే చాలు, రెండూ ఉచితమే.

ఫైల్ అసలు తెరుచుకోవడం లేదు

కంప్యూటర్‌లో వీఎల్‌సీతో తెరిచి చూడండి. అక్కడ ఆడితే ఫైల్ బాగున్నట్టే. టీవీ ప్రసారం టీఎస్ అనే రూపంలో వస్తుంది, చాలా బాక్సులు దాన్ని అలాగే దాచుకుంటాయి. ఫోన్ గ్యాలరీకి అది అర్థం కాదు. పేరు చివర ఎంపీ4 అని మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. మీరొక్కరే చూసుకునేదైతే ఫోన్‌లోనూ వీఎల్‌సీ వేసుకోండి, కన్వర్ట్ చేసే పనే ఉండకపోవచ్చు. నలుగురికీ పంపాలంటే హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4 రూపం, అందులో కుదింపు పద్ధతిగా వీడియోకు హెచ్.264, ఆడియోకు ఏఏసీ ఎంచుకోండి. హెచ్.265తో సైజు తగ్గుతుంది గానీ పాత ఫోన్లలో వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉండేవి ఎక్కువగా పాత ఫోన్లే కదా.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ కూడా తెరవకపోతే, బాక్స్ దానికి తాళం వేసి ఉండొచ్చు. నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సుల్లో రికార్డింగ్ సాధారణంగా ఆ బాక్సులోనే ఆడుతుంది. ఏ కన్వర్టరైనా తెరుస్తుందని చెప్పేవాళ్లకు డబ్బు కట్టకండి. ఆ చానల్ యాప్‌లోనో, అధికారిక యూట్యూబ్ పేజీలోనో ప్రోగ్రాం దొరుకుతుందేమో వెతకడం మేలు.

బొమ్మ వస్తుంది, మాట రాదు

ఆడియో ఏసీ-3 రకం అయి ఉండొచ్చు. చాలా ఫోన్లలో మామూలు ప్లేయర్‌కు అది చేతకాదు. వీఎల్‌సీలో టూల్స్‌కు వెళ్లి కోడెక్ (కుదింపు పద్ధతి) సమాచారం చూస్తే ఏ రకమో తెలుస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ఆడియో ట్యాబ్‌లో పాస్‌త్రూ (ఆడియోను మార్చకుండా అలాగే ఉంచడం) అని ఉంటే తీసేసి ఏఏసీ పెట్టండి. తెలుగు బదులు వేరే భాష వినిపిస్తే అక్కడే రెండో ట్రాక్ ఎంచుకోండి.

కదిలినప్పుడల్లా అడ్డగీతలు

ఎక్కువమంది రికార్డింగే పాడైందనుకుని వదిలేసేది దీని దగ్గరే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చేతులు చరిచే చోట ఆపి చూడండి. నిలబడి చూసేవాళ్ల ముఖాలు శుభ్రంగా ఉంటాయి. ఆడేవాళ్ల చేతివేళ్లు, చీర అంచులు మాత్రం దువ్వెన పళ్లలా చీలి కనబడతాయి. మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) ప్రసారంలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి, సెకనులో 50వ వంతు తేడాతో తీసినవి. ఆ లోపల చెయ్యి కదిలిపోతుంది కాబట్టి రెండు సగాలూ అతకవు. టీవీ ఈ తేడాను తనే సరిచేసుకుంటుంది, ఫోన్ చాలాసార్లు చేయదు.

హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్స్ ట్యాబ్‌లో ఈ గీతలు తీసే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. వార్తలు, చర్చలకు మామూలు సెట్టింగ్ చాలు. ఆటపాటలకు బాబ్ అనే ఎంపిక పెడితే సగాలన్నీ ఫ్రేములై సెకనుకు 50 వస్తాయి, కదలిక నునుపుగా ఉంటుంది. అప్పుడు వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ కూడా 50 చేయడం మరవకండి. 25 గానీ 30 గానీ ఉంచితే బాబ్ పెట్టిన ఫలితం పోతుంది. గంట ప్రోగ్రాం మొత్తం కన్వర్ట్ చేసే ముందు ఒక్క నిమిషం ముక్క చేసి ఫోన్‌లో చూసుకోండి.

పెదాలకూ మాటకూ పొంతన లేదు

మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల చూడండి. చప్పట్లు ఉన్న చోటైతే ఇట్టే తెలుస్తుంది. మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే ఫోన్ వీఎల్‌సీలో ఆడియో డిలే మార్చితే సరిపోతుంది. మొదట బాగుండి మధ్యలో చెడితే కారణం వేరు. మన వైపు ముసురు పట్టినప్పుడు డిష్ సిగ్నల్ పడిపోతుంది, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. ఆ క్షణాల డేటా ఫైల్‌లో ఉండదు. వీడియోలో ఎక్కువ, ఆడియోలో తక్కువ పోతే అక్కడి నుంచి రెండూ విడిపోతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్‌ను కాన్‌స్టెంట్‌గా పెట్టి కన్వర్ట్ చేసి చూడండి. అయినా కుదరకపోతే గళ్లు పడిన చోట్ల సమయం రాసుకుని, హ్యాండ్‌బ్రేక్‌లో రేంజ్‌ను సెకన్లకు మార్చి, ఆ చోటుకు ముందు భాగం ఒకటి, తర్వాతి భాగం ఒకటి విడిగా కన్వర్ట్ చేయండి. పోయిన డేటా తిరిగి రాదు, కానీ మిగిలిన పాటైనా చెడకుండా ఉంటుంది.

మనుషులు సన్నగా సాగినట్టున్నారు

ఎస్‌డీ బొమ్మ 720×576 చుక్కలు (పిక్సెళ్లు). వెడల్పు తెరకు సాగదీసి చూపాలని ఫైల్‌లో ఒక గుర్తు ఉంటుంది, కొన్ని ప్లేయర్లు దాన్ని పట్టించుకోవు. హ్యాండ్‌బ్రేక్ డైమెన్షన్స్‌లో ఆ గుర్తు మీద ఆధారపడే అనమార్ఫిక్ తీసేసి, 16:9 ప్రోగ్రాం అయితే 1024×576 వచ్చేలా చూడండి.

ఫైల్ పెద్దదైంది, ఎక్కడం లేదు

పెన్‌డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ ఫ్యాట్32 అనే ఫార్మాట్ రకమైతే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ దాంట్లో పట్టదు. పొడవైన రికార్డింగ్‌ను బాక్స్ ముక్కలుగా చేసేది అందుకే. ముక్కలను అవిడెమక్స్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రాంలో వరుసగా చేర్చుకోండి. కార్డును పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మారిస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే వేరేచోట దాచండి.

సెకనుకు 4 మెగాబిట్ల ప్రసారం గంటకు 1.8 జీబీ అవుతుంది. హెచ్.264లో 1 మెగాబిట్‌కు దించితే ఆడియోతో కలిపి దాదాపు అర జీబీ, ఫోన్ తెరకు అది చాలు. ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ వరకు పడుతుంది. వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదించి, మీరు గీతలు తీసి శుభ్రం చేసిన బొమ్మను మసక చేస్తుంది.