వంకర స్థలంలో ఫ్యాక్టరీ: మోడల్ రైల్వే కోసం సక్రమాకారం లేని భవనాలు కట్టే పద్ధతి

రైలు పట్టాల పక్కన కనిపించే పాత మిల్లులు, గోదాములు, సిమెంటు ఫ్యాక్టరీలు చక్కని దీర్ఘచతురస్రాలుగా ఉండటం అరుదు. ఇంటి స్థలం కొనేటప్పుడు గోముఖమా సింహముఖమా అని పదిసార్లు ఆరా తీసే మనవాళ్లు సైతం, సైడింగ్ (సరుకు ఎక్కించి దించడానికి ప్రధాన లైను నుంచి చీలిన పట్టా) పక్కన ఫ్యాక్టరీకి జాగా దొరికితే మూలలు లెక్కపెట్టరు. పట్టా వంపు తిరిగినచోట గోడ కూడా వంపు తిరుగుతుంది, రోడ్డు ఏటవాలుగా కోసుకుపోయినచోట భవనం ముక్కోణంగా మిగులుతుంది, సరుకు తన బరువుతోనే కిందికి జారవలసినచోట ధాన్యమో సిమెంటో నిలవచేసే గుండ్రటి నిలువు గోదాము, అంటే సైలో, దాని అడుగున గరాటు వెలుస్తాయి. ఆ వంకరలన్నిటికీ స్థలమో, పట్టానో, సరుకో కారణమై ఉంటుంది. అందుకే లేఅవుట్ మీద, అంటే బొమ్మ రైలు పట్టాలు పరిచిన పలక మీద, అలాంటి భవనం కట్టదలచినవారు ముందు భవనం బొమ్మ గీయడం మానేసి, పట్టా పరిచిన తరువాత మిగిలిన జాగాను కొలవడంతో పని మొదలుపెట్టాలి.

ఇక్కడ ఇచ్చే కొలతలన్నీ హెచ్‌ఓ స్కేలువి. అంటే 87వ వంతు. అసలు అడుగు ఇక్కడ 3.5 మి.మీ. అవుతుంది. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.ను నికరంగా తగ్గిస్తే పట్టాల నడుమ 19 మి.మీ. పైచిలుకు రావాలి గాని, బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ.; ఆ తేడాతో మనలో చాలామంది రాజీపడే ఉన్నాము. ఉదాహరణగా 610 మి.మీ. వ్యాసార్థంతో వంపు తిరిగే సైడింగ్‌నూ, దాని లోపలివైపు 35 డిగ్రీల కోణంలో వచ్చి కలిసే రోడ్డునూ, ఆ రెంటి నడుమ మిగిలిన చీలికలాంటి స్థలాన్నీ తీసుకుందాం.

ఆ స్థలం మీద పాత వార్తాపత్రికను పరిచి, మీ దగ్గరున్న వ్యాగన్లలో అన్నిటికంటే పొడవైన దాని పక్కకు పెన్సిలు ముక్కను టేపుతో అంటించి, ఆ వ్యాగన్‌ను సైడింగ్ పొడుగునా చేత్తో నెమ్మదిగా నెట్టాలి. పెన్సిలును ఒకసారి వ్యాగన్ నడుమన, మరొకసారి మూలన అంటించి రెండు గీతలు తీసుకోవడం అవసరం, ఎందుకంటే వంపులో వ్యాగన్ నడుము లోపలికీ, మూలలు బయటికీ పొడుచుకువస్తాయి. కిందనున్న రెండు చక్రాల ట్రాలీల కేంద్రాల మధ్య 105 మి.మీ. దూరమున్న వ్యాగన్ ఈ వంపులో నడుమన సుమారు 2.3 మి.మీ. లోపలికి వస్తుంది. నేను మొదటిసారి కట్టిన గోదాముకు ఈ పరీక్ష చేయకుండా, తిన్నని పట్టా దగ్గర తీసిన కొలతనే వాడాను. రంగులు కూడా వేసి నిలబెట్టాక, ప్రతి వ్యాగనూ సరిగ్గా మూడో తలుపు దగ్గర గోడను గీసుకుంటూ పోయేది. గోడను పట్టా మధ్యరేఖ నుంచి 28 మి.మీ. దూరంలో ఉంచితే ఈ ఉదాహరణకు ఇబ్బంది ఉండదు. అప్పుడు గోడ వ్యాసార్థం 582 మి.మీ. అవుతుంది.

కాగితాన్ని గీతల వెంట కత్తిరించిన తరువాత వెంటనే ఖరీదైన షీటు మీదికి వెళ్లకుండా, అట్టపెట్టెల ముక్కలతో, టేపుతో ఒక మోటు నమూనా నిలబెట్టి, వారం రోజులు లేఅవుట్ మీదే వదిలేయడం మంచిది. భవనం మరీ ఎత్తుగా ఉందా, వెనుకనున్న పాయింట్లను (ఒక పట్టా రెండుగా చీలే చోట్లను) కప్పేస్తోందా, చేయి లోపలికి వెళుతుందా అన్నవి చూపుకు వాటంతట అవే తెలుస్తాయి.

అసలు పనికి ఆర్కిటెక్చర్ విద్యార్థులు నమూనాలకు వాడే తేలికైన నురగ షీటు, సన్‌బోర్డు చాలు: గోడలకు 3 మి.మీ.ది, అడుగు పలకకు 5 మి.మీ.ది. కాగితపు ఆకృతిని బట్టి ఒకే కొలతలో రెండు పలకలు కోసి, ఒకటి నేల దగ్గరా రెండోది పైకప్పుకు కొంచెం కిందా వచ్చేట్టు నిలువు ముక్కలతో కలిపి, గోడలను వాటి చుట్టూ చుట్టాలి. పలకలను కాగితం కంటే అన్నివైపులా 3 మి.మీ. తగ్గించి కోయాలన్నది మరచిపోతే, గోడలు అంటించాక భవనం ఆ మేరకు పెరిగి మళ్లీ పట్టా మీదికి వస్తుంది. వంకర భవనాల్లో మూలమట్టం ఒక్క నిలువుకే పనికివస్తుంది. మిగతా కోణాలన్నీ ఈ పలకలే చూసుకుంటాయి, మనం డిగ్రీలు కొలవనక్కరలేదు.

వంపు గోడను నిజంగా విల్లులా వంచడం కష్టమూ, చాలాసార్లు అనవసరమూ. పట్టా వంపు వెంట కట్టిన ఇటుక గోదాములను మేస్త్రులు తరచుగా చిన్న చిన్న తిన్నని ముక్కలుగానే కట్టారు. ఒక్కొక్క ముక్కకు ఒక కిటికీ లేదా తలుపు, రెండు ముక్కలు కలిసేచోట గోడలోంచి కాస్త ముందుకు వచ్చిన ఇటుక స్తంభం ఉంటాయి. ఒక్కొక్క ముక్క 55 మి.మీ. అనుకుంటే, అంటే అసలు కొలతలో పదహారు అడుగులకు కొంచెం తక్కువ అనుకుంటే, ప్రతి స్తంభం దగ్గరా గోడ 5.4 డిగ్రీలు తిరుగుతుంది. తిన్నని ముక్కకూ అసలు వంపుకూ మధ్య తేడా ముక్క నడుమన 0.65 మి.మీ. మాత్రమే కాబట్టి పక్కనే నిలబడి చూసినా అది కంటికి ఆనదు. సన్‌బోర్డు పట్టీకి లోపలివైపు ప్రతి 55 మి.మీ.కు ఒకసారి కత్తితో సగం లోతు వరకు రెండు గాట్లు పెట్టి, వాటి నడుమ సన్నని ఈనెను తీసేసి నెమ్మదిగా నొక్కితే, బయటి ముఖం చిట్లకుండా గోడ తిరుగుతుంది. పైన ఇటుకల కాగితం అంటించేటప్పుడు 9 అంగుళాల ఇటుక పొడవు 2.6 మి.మీ. ఉండాలని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నెట్‌లో దొరికే ముద్రణలు ఈ కొలతకు సరిపోకపోవచ్చు.

రోడ్డూ పట్టా కలిసే 35 డిగ్రీల మొన దగ్గర కత్తి అంచులాంటి మూల చేయడానికి ప్రయత్నించకండి. అసలు కట్టడాల్లోనూ అలా చేయరు. అంత సన్నని మూలలో ఇటుక నిలవదు, లోపల మనిషి పట్టడు. 1902లో పూర్తయిన న్యూయార్క్ ఫ్లాటిరన్ భవనం సన్నదనానికి పేరుపడ్డా, దాని మొన కూడా సుమారు 2 మీటర్ల వెడల్పు ఉంటుంది. మొనను 10 మి.మీ. వెడల్పున అడ్డంగా కోసి అక్కడ ఒక చిన్న కిటికీ పెడితే, అతుక్కోని ఒక్క పదునైన మూలకు బదులు 107.5 డిగ్రీల మూలలు రెండు వస్తాయి, అవి సులువుగా అతుకుతాయి.

పైకప్పు అన్నిటికంటే ఆఖరున కోయాలి. కట్టిన గోడలను షీటు మీద బోర్లించి చుట్టూ గీత గీసుకుంటే, మన చేతిలో వచ్చిన మిల్లీమీటరు తప్పులతో సహా కప్పు సరిగ్గా కూర్చుంటుంది. ముందే కోసుకుంటే ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది. చదునైన కప్పు, చుట్టూ పిట్టగోడ ఉన్న భవనానికి ఇంతే పని. రేకుల షెడ్డు కావాలంటే కొంత ఆలోచన ఉంది: పక్కగోడలు సమాంతరంగా లేనప్పుడు చూరూ నడికొప్పూ రెండూ మట్టంగా ఉంచితే రేకుల తలం మెలి తిరుగుతుంది, వాలును మార్చకుండా ఉంచితే నడికొప్పు ఒకవైపుకు దిగిపోతుంది. దీనికి పరిష్కారం ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. స్థలంలో పట్టినంత దీర్ఘచతురస్రానికి మామూలు షెడ్డు వేసి, మిగిలిన ముక్కోణానికి కాస్త తగ్గులో ఒక పంచ దించడమే. నమూనాలో కూడా ఇదే అందంగా ఉంటుంది.

ఆ రేకులను ఇంట్లోనే చేసుకోవచ్చు. సిమెంటు రేకు అలల మధ్య దూరం 146 మి.మీ., అంటే మన స్కేలులో 1.7 మి.మీ.; 12 మి.మీ. మరల కడ్డీ (థ్రెడెడ్ రాడ్) మీద మరల మధ్య దూరం 1.75 మి.మీ. అంతకంటే దగ్గర కొలత కొనుక్కున్నా దొరకదు. బిర్యానీ పార్శిల్‌కు వాడే మందమైన అల్యూమినియం ట్రే అడుగుభాగాన్ని రబ్బరు షీటు మీద పరిచి, ఆ కడ్డీని గట్టిగా నొక్కుతూ ఒక్కసారి దొర్లిస్తే అలలు పడతాయి. మర కాస్త ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గీతలు దాదాపు 3 డిగ్రీలు వాలుతాయి. ట్రే అంచును నమ్ముకోకుండా గీతలకు సమాంతరంగా ముక్కలు కోయాలి.

ఇక సైలోలు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1899లో మొదలుపెట్టి కట్టిన పీవీ-హాగ్లిన్ కాంక్రీటు ధాన్యపు సైలో వ్యాసం సుమారు 20 అడుగులు, ఇప్పటి ఎత్తు సుమారు 125 అడుగులు. మన స్కేలులో అది 70 మి.మీ. వెడల్పు, 437 మి.మీ. ఎత్తు అవుతుంది, హార్డ్‌వేర్ దుకాణంలో మిగులు ముక్కగా దొరికే 75 మి.మీ. పీవీసీ పైపు దానికి చాలా దగ్గర. పైపు నునుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. అడుగు గరాటుకు ఒక చిన్న లెక్క చాలు: పైపు వ్యాసమెంతో అంతే వ్యాసార్థంతో, అంటే 75 మి.మీ. వ్యాసార్థంతో అర్ధవృత్తం కోసి చుట్టితే, పైపుకు సరిపడే మూతితో, 60 డిగ్రీల వాలుతో శంకువు వస్తుంది. ధాన్యమూ సిమెంటూ జారడానికి నిటారు వాలు కావాలి కాబట్టి ఈ కోణం కంటికి కూడా నిజమనిపిస్తుంది. మొనను మాత్రం వ్యాగన్‌లోకి సరుకు దిగేంత వెడల్పున కోసేయాలి.

చాలామంది తప్పు చేసేది కన్వేయర్ గ్యాలరీ దగ్గర, అంటే సరుకును బెల్టు మీద పైకి చేర్చే ఏటవాలు కప్పు దారి దగ్గర. తాండూరు మీదుగా వాడి వైపు వెళ్లే రైలు కిటికీలోంచి సిమెంటు ఫ్యాక్టరీలను చూసినవారికి, ఆ ఏటవాలు గ్యాలరీలు ఎంత పొడవుగా సాగిపోతాయో తెలుసు. మామూలు బెల్టు మీద సరుకు వెనక్కు దొర్లకుండా ఉండాలంటే వాలు 18 డిగ్రీల ప్రాంతంలోనే ఆగాలి. అంటే 200 మి.మీ. ఎత్తుకు చేరడానికి నేల మీద 615 మి.మీ. దూరం కావాలి. అల్మారా అంత లేఅవుట్‌లో అంత జాగా లేక గ్యాలరీని 45 డిగ్రీలకు నిలబెట్టేస్తారు, అది నిచ్చెనలా కనిపిస్తుంది. జాగా లేనప్పుడు రైసు మిల్లుల్లో చూసే ఎలివేటరు పెట్టండి. నిలువునా సన్నని చతురస్రపు గొట్టం, పైన చిన్న గది, అక్కడినుంచి సైలోలోకి జారే ఒక పైపు ఉంటే చాలు, సరుకు పైకి ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

రంగుల విషయంలో ఒక్క మాట: సిమెంటు దుమ్ము గోడ మీద కంటే కప్పు మీదా, కిటికీల దిగువ అంచుల మీదా ఎక్కువగా నిలుస్తుంది, అక్కడ సుద్దపొడిని పొడి కుంచెతో అద్ది, మిగతా చోట్ల చేయి ఆపాలి.

పూర్తయిన భవనాన్ని లేఅవుట్‌కు ఫెవికాల్‌తో అంటించేయవద్దు. ఆ వంపులో వ్యాగన్ పట్టా తప్పిన రోజున భవనాన్ని ఎత్తి పక్కన పెట్టవలసి వస్తుంది. అడుగు పలకకు కింద రెండు మేకులు దిగగొట్టి, లేఅవుట్ పలకలో వాటికి సరిపడా రెండు రంధ్రాలు చేస్తే, తీసిన ప్రతిసారీ అదే 28 మి.మీ. దగ్గర మళ్లీ కూర్చుంటుంది.